ఊఁ కొట్టని ఇంటర్వ్యూ

నవంబరు నెల, రెండో ఆదివారం. కరీంనగర్‌లో మా ఇల్లు. చర్చిలో ఆరాధన ముగిసి, భోజనాలు కూడా అయిన తర్వాత.

హాజరైనవారు: సుబేదార్ సాబ్, మాలో అందరికంటే పెద్ద, చెవి మెషిన్ గుయ్యిమంటుందని దాన్ని చొక్కా జేబులోనే ఉంచుకుంటాడు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన సిపాయి, అక్కడ పత్తి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర కాపలా. హవల్దార్, ఇప్పుడు స్కూలు బస్సు డ్రైవరు. నా చెల్లెలి కొడుకు, నాకు మేనల్లుడు. కూడిక అతని కోసమే. నేను. నా భార్యను నా కూడికల డైరీలోని ఈ జాబితాలో ఎప్పుడూ రాయను, ఆమె సైన్యంలో పనిచేయలేదు కనుక. ఆ రోజు మాత్రం రాశాను.

మా కూడికకు ఒక పద్ధతి ఉంది. సైన్యం నుంచి ఎవరైనా కొత్తగా ఇంటికి వస్తే పాతవాళ్ళం అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుంటాం. ఒక్కొక్కరం ఒక్కో నౌకరీ దారి చెప్పాలి. ఊరికే సలహా చెబితే చెల్లదు. ఫలానా చోట ఖాళీ ఉంది, ఫలానా మనిషిని కలువు, నా పేరు చెప్పు అన్నంత గట్టిగా ఉండాలి. చెప్పడానికి ఏమీ లేనివాడు వట్టి చేతులతో రాకూడదు, బిస్కెట్ ప్యాకెట్ తేవాలి. అది జరిమానా. నేను సైన్యంలో స్టోర్ల పని ముగించుకుని వచ్చినప్పుడు ఇలాంటి కూడికలోనే ఒకాయన, ఆదిలాబాద్‌లో ఒక బ్యాంకుకు తుపాకీ పట్టుకుని నిలబడే మనిషి కావాలని చెప్పాడు. పోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను. కొన్నేళ్ళకు తలుపు దగ్గరి నుంచి లోపలి రికార్డుల గదిలోకి మారాను. అక్కడే రిటైరయ్యాను. ఆ రోజుల్లో ఎవడైనా బిస్కెట్లు తెస్తే "నీ దారి బేకరీ దాకనేనా?" అని ఏడిపించేవాళ్ళం.

ఆ ఆదివారం టీపాయ్ మీద చాయ్ గ్లాసులు పెట్టడానికి చోటు లేదు. సుబేదార్ సాబ్ ఒక ప్యాకెట్ తెచ్చాడు. హవల్దార్ ఒకటి తెచ్చాడు. నేను కూడా పొద్దున చర్చి నుంచి వస్తూ ఒకటి కొన్నాను. నా ఇంట్లో నేనే జరిమానా కట్టుకోవడం అదే మొదలు.

మా అల్లుడు సైన్యంలో రేడియో సెట్టు మీద పనిచేశాడు. పదిహేడేళ్ళు చేసి ఎండాకాలంలో ఇంటికి వచ్చాడు. ఇల్లు హుస్నాబాద్‌లో. భార్య అక్కడే చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మ. చిన్న కూతురు ఇప్పటికీ పొద్దున లేవగానే "ఎన్ని రోజుల లీవు బాపు?" అని అడుగుతుందట. ఇంక పోను బిడ్డా అంటే నమ్మదట. ఆరు నెలలుగా అతను నౌకరీ వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడు రెండు దారులు మిగిలాయి. ఒకటి, కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద పార్సిళ్ళు పంపే పెద్ద గోదాములో షిఫ్టు సూపర్‌వైజర్ పని. రెండు, సైన్యంలోంచి వచ్చినవాళ్ళను మళ్ళీ చేర్చుకుని ఆయుధాల డిపోలకు కాపలా పెట్టే రెండో సర్వీసు. రెండోది దాదాపు ఖాయం. కానీ పోస్టింగ్ ఎక్కడో రాజస్థాన్ అవతల. పోతే మళ్ళీ ఏళ్ళకేళ్ళు. ఆ కాగితాలు సోమవారం మధ్యాహ్నంలోగా కరీంనగర్‌లోని మాజీ సైనికుల ఆఫీసులో ఇవ్వాలి. కాగితాలన్నీ నింపి, ఫోటోలు అంటించి, కవరులో పెట్టి మా ఇంటికి తెచ్చాడు. ఇవ్వాలా వద్దా అన్నది గోదాము సంగతి తేలితే గాని తేలదు.

నా అభిప్రాయం కాగితాలు ఇవ్వాలని. అప్పటికే రెండుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా నా భార్య గ్లాసులను కొంచెం గట్టిగా కింద పెట్టింది.

ముందు హవల్దార్ మొదలుపెట్టాడు. "మా స్కూల్ల ఖాళీ లేదు సాబ్. ఉన్న నన్నే ఉంచుతరో లేదో. బస్సుల నా మొఖం ఎదురుంగ చిన్న డబ్బ పెట్టిండ్రు. ఆవలిస్తే కూత పెడ్తది. మొన్న దగ్గు వచ్చింది, దానికి గూడ కూత పెట్టింది. పిల్లలకు అది ఆట. 'అంకుల్ ఒక్కసారి ఆవలించవా' అంటరు."

"ఆవలిస్తవా?" అన్నాడు ఆదిలాబాద్ సిపాయి.

"చిన్న పిల్లలు గద, అడిగితె కాదంటనా."

నేను నా బ్యాంకు మాట చెప్పాను. నేను నిలబడ్డ తలుపు దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. ఏటీఎంల దగ్గర కుర్చీలు ఎప్పుడో పోయాయి. గోడ మీద నుంచి ఒక కన్ను చూస్తుంది. ఆ కన్ను ఎక్కడో ఒక గదిలోని కంప్యూటర్‌కు చెబుతుంది. మనిషి మరీ ఎక్కువసేపు నిలబడ్డా, ముఖం కప్పుకున్నా అది కనిపెడుతుంది. ఇదంతా చెబుతూ లేచి గేటు దాకా వెళ్ళి, గొళ్ళెం చూసి వచ్చాను. ఎవరూ వచ్చేది లేదు. అయినా కూర్చోలేకపోయాను.

నాకు ఆ మధ్యాహ్నమే ఒక సంగతి సరిగ్గా అర్థమైంది. సైన్యం నుంచి వచ్చినవాడి దగ్గర లోకం ఇన్నేళ్ళు కొన్నది మెలకువను. తుపాకీని కాదు, క్రమశిక్షణ అని సర్టిఫికెట్ మీద రాసే మాటనూ కాదు. అందరూ పడుకున్నాక ఒకడు పడుకోకుండా ఉంటాడు, చెప్పిన చోట ఉంటాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. దానికే మమ్మల్ని బ్యాంకులు, మిల్లులు, బళ్ళు పిలిచి కుర్చీ వేశాయి. ఇప్పుడు ఆ మెలకువ గోడకు మేకు కొట్టి తగిలించుకునే వస్తువు అయింది. దానికి జీతం లేదు, సంతకం లేదు, పండుగ లేదు. ఈ మాట వాళ్ళతో అనలేదు. అల్లుడు ఎదురుగా ఉన్నాడు.

"నీ దారేంది?" అని ఆదిలాబాద్ సిపాయిని అడిగాను. అతను బిస్కెట్లు తేలేదు.

"ఉన్నది దాదా. మా మిల్లుల గేటు మీద నలుగురుంటిమి. కెమెరాలు పెట్టినంక ఒక్కన్ని ఉంచిండ్రు. హైదరాబాద్‌ల ఒక రూముల కూసోని చూస్తరు. పత్తి కుప్ప కాడ ఏదన్న కదిలితె నాకు ఫోన్ కొడ్తరు, జర పోయి చూడు అని. కుక్క కదిలిన ఫోనే, గాలికి కుప్ప మీద కప్పిన తాడిపత్రి లేసిన ఫోనే. కెమెరా చూస్తది గని లేసి పోదు గద బాబా. పోయేటోడు ఒక్కడు కావాలె."

"ఆ ఒక్కనివి నువ్వే గద," అన్నాను.

"నేనే. నా మోకాళ్ళు ఇంక పోతలేవు." బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తీసుకుని, విప్పకుండా అటూ ఇటూ తిప్పాడు. "పత్తి సీజన్ మొదలైంది. మిల్లు సేట్ రేపు ఆఫీసుల ఉంటడు. పిలగాడు వస్తె నా కుర్చీ చూపిస్త. సీజన్ వరకే. తర్వాత సేట్ దయ."

అల్లుడు తల అడ్డంగా ఊపాడు. "నీ కుర్చీ నాకెందుకు కాకా. నువ్వే కూసో."

"కూసునేదుంటె ఇస్తనా? అది ఉరుకుడు నౌకరీ."

గట్టిగా ఉన్న దారి ఆ ఒక్కటే. దాన్ని అతను వద్దన్నాడు. ఇక మాట గోదాము మీదికి మళ్ళింది.

గోదాముకు దరఖాస్తు నేనే నింపాను. ఫోన్ నంబరు కూడా నాదే ఇచ్చాను, ఏ కబురు వచ్చినా నా దగ్గర పద్ధతిగా ఉంటుందని. మొదటి ఇంటర్వ్యూ మనిషి చేయడు. ఫోన్‌లో లింకు వస్తుంది. నొక్కితే ఒక గొంతు తెలుగులోనే ప్రశ్నలు అడుగుతుంది. మన ముఖం చూస్తుంది, మాట వింటుంది, మార్కులు వేస్తుంది. బాగుంటేనే లోపలి మనుషులకు పంపుతుంది. కిందటి వారం నేను ఆ లింకు పంపితే అల్లుడు హుస్నాబాద్‌లో కూర్చుని ఇచ్చాడు. తప్పాడు. ఇంకొక్క అవకాశం ఇస్తామని కబురు వచ్చింది, సోమవారం పొద్దున లోగా.

"ఏం అడిగింది, నువ్వేం చెప్పినవ్?" అన్నాడు హవల్దార్.

"నీ గురించి చెప్పుమన్నది. 'నేను సిగ్నల్స్‌ల పనిచేసిన' అన్న. అటు దిక్కు సప్పుడు లేదు. వినలే గావచ్చని మల్ల చెప్పిన. సప్పుడు లేదు. మూడోసారి చెప్పంగనే 'ధన్యవాదాలు, తర్వాతి ప్రశ్న' అన్నది."

"ఒక్కటే మాట మూడు మాట్ల చెప్పినవా?"

"సెట్టు మీద గట్లనే గద కాకా. ఒక మాట చెప్పాలె, ఆగాలె. అటు దిక్కు 'రోజర్' అనాలె. అంటేనే ముందుకు పోవాలె. అనకపోతె అందలేదని లెక్క, మల్ల అదే చెప్పాలె. అందని మాట మీద ఇంకో మాట పెడితె అవతల మనుషులు చస్తరు."

"దాని దిక్కు నుంచి చూస్తె నువ్వు అరిగిపోయిన క్యాసెట్ లెక్క ఉన్నవ్," అన్నాడు హవల్దార్. అల్లుడు కూడా నవ్వాడు, కానీ చేతులు మోకాళ్ళ మీద అలాగే పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరో తనిఖీకి వస్తున్నట్టు.

సరే, ఇక్కడే ఒకసారి చేసి చూద్దామన్నాను. నేను మెషిన్‌గా కూర్చున్నాను. ముఖంలో ఏమీ చూపించకుండా, "మీరు కష్టమైన సమయంలో నిర్ణయం తీసుకున్న ఒక సందర్భం చెప్పండి" అని అడిగాను. బ్యాంకులో ఆడిట్‌వాళ్ళు అడిగే గొంతు తెచ్చుకున్నాను.

"మంచు పడుతున్నది," అన్నాడు. ఆగాడు. నన్ను చూశాడు. నేను కదలలేదు. "మంచు పడుతున్నది," అన్నాడు మళ్ళీ. తర్వాత తనకే తెలిసి తల వంచుకున్నాడు.

ఇంకోసారి, ఇంకోసారి చేశాం. ఆగకు, ఆగకు అని నేను చెబుతూనే ఉన్నాను. చెప్పిన కొద్దీ ఇంకా ముందే ఆగిపోయాడు. నాకు చెమట పట్టింది. లేచి ఫ్యాన్ స్పీడు పెంచాను, మళ్ళీ తగ్గించాను.

అప్పుడు సుబేదార్ సాబ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నాకు చెప్పు పిలగా. గా మెషిన్‌ను పక్కకు కూసోమను," అన్నాడు. మెషిన్ అంటే నేను.

అల్లుడు ఆయన వైపు తిరిగాడు. "మంచు పడుతున్నది సాబ్."

"ఊఁ."

"పైన ఒక పోస్టు, కింద ఒక పోస్టు. నడుమ మాది."

"ఊఁ."

"పై పోస్టు గంటకోసారి మాట్లాడాలె. ఆ రాత్రి మాట బంద్ అయింది. మనుషులున్నరో లేరో తెల్వది. మా ఆఫీసర్ కింద ఉన్నడు, ఆయనకు పైకి మనుషులను పంపుమని చెప్పాల్నా, ఆగుమని చెప్పాల్నా, అది నా మాట మీద ఉన్నది. పంపుమంటె ఆ మంచుల పోయేటోల్లు పోతరు. వద్దంటె పైనోల్లు…"

"ఊఁ. ఊఁ."

ఎంత చక్కగా చెప్పాడో. చేతులు మోకాళ్ళ మీద నుంచి లేచాయి. ఎత్తు చూపించాయి, గాలి చూపించాయి. ఆదిలాబాద్ సిపాయి బిస్కెట్ నోటి దాకా తెచ్చి అక్కడే ఆపాడు. అల్లుడు ఇంట్లో అంతసేపు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. పదిహేడేళ్ళు లీవు మీద వచ్చి, తిని, పడుకుని, పోయిన మనిషి అతను. ఎవరైనా అడిగితే "అంత మంచిగనే" అని ఊరుకునేవాడు.

అంతలో మాట ఆగింది. చూస్తే సుబేదార్ సాబ్ గడ్డం ఛాతీ మీదికి వాలింది. మధ్యాహ్నం భోజనం, పైగా ఎనభై దాటిన వయసు. ఊఁ ఆగింది, కథ ఆగింది.

"స్టేషన్ బంద్ అయింది," అన్నాడు హవల్దార్ మెల్లగా.

"చెవుల మెషిన్ ఆయన జేబులనే ఉన్నది," అన్నాడు ఆదిలాబాద్ సిపాయి. "ఒక్క ముక్క వినలే. ఊరికె ఊఁ అన్నడు."

అందరం నవ్వాం. సుబేదార్ సాబ్ ఉలిక్కిపడి లేచి "ఊఁ" అన్నాడు. ఇంకా నవ్వాం. అల్లుడు మాత్రం కథ ముందుకు తీసుకుపోలేదు. మేం ఎవరం ఊఁ కొట్టినా నవ్వే వచ్చింది.

వంటింటి గడప దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఊఁ కొట్టకపోతె కథ ఎవలు చెప్తరు? మీరు ఆ పిలగాన్ని ఊకె పరేషాన్ చేస్తున్నరు. రేపు ఫోన్ ఎనుక నేను కూసుంట. సప్పుడు చెయ్య, తల మాత్రం ఊపుత. నువ్వు నాకు చెప్పు బిడ్డా, దానికెందుకు చెప్తవ్?"

ఇంత తేలికైన మాట మాకు ఎందుకు తట్టలేదా అనుకున్నాను. అందుకే ఆమెను హాజరైనవారిలో రాశాను. సుబేదార్ సాబ్‌నూ హవల్దార్‌నూ సాగనంపాం. వెళ్ళేవాళ్ళ చేతిలో వాళ్ళు తెచ్చిన బిస్కెట్లే పెట్టి పంపింది ఆమె. ఆదిలాబాద్ సిపాయి మా ఇంట్లోనే ఉన్నాడు, పొద్దున బస్సు పట్టుకోవాలని.

సాయంత్రం నేను ముందు గదిలో కుర్చీ ఎక్కడ వేయాలో చూశాను. కిటికీ వెలుతురు ముఖం మీద పడేట్టు ఒకసారి, పక్క నుంచి పడేట్టు ఒకసారి జరిపాను. ఫోన్ నిలబెట్టడానికి పాత బైబిలు, దాని మీద పాటల పుస్తకం పెట్టాను. ఎత్తు సరిపోలేదు, నా డైరీలు రెండు కింద పెట్టాను. అల్లుడు మంచం మీద కూర్చుని అంతా చూస్తూ ఉన్నాడు.

"మామ, గా గోదాముల నౌకరీ వచ్చిందే అనుకో. ఎన్నొద్దులు ఉంటది?" అన్నాడు.

"అంటే?"

"నేను సూపర్‌వైజర్ అన్నట్టు. ఏ లారీ ఎటు పోవాలె, ఎవలు ఏ డ్యూటీ, అంత కంప్యూటరే చెప్తదట. అది చెప్పినట్టు చేస్తున్నరా లేదా చూసుడే నా పని. రేపు చూసుడు గూడ అదే చేస్తె?"

"అందుకే కాగితాలు ఇయ్యిమంటున్న," అన్నాను. "డిపో కాపలా ఎక్కడికి పోదు. సర్కారు జీతం."

అతను కవరు వైపు చూశాడు. నేను కుర్చీని మళ్ళీ కొంచెం జరిపాను.

పొద్దున అతను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నా భార్య ఫోన్ వెనుక పీట వేసుకుని, ఒడిలో చిక్కుడుకాయల గిన్నె పెట్టుకుంది. ఈనెలు తీస్తే చప్పుడవుతుందేమోనని ఒకటి తీసి చూసింది. కాలేదు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆదిలాబాద్ సిపాయి అరుగు మీద బూట్లు వేసుకుంటున్నాడు.

అల్లుడు లింకు నొక్కాడు. పేరు, ఊరు అడిగింది. తర్వాత తెర మీద ఒక వాక్యం వచ్చింది. పైకి చదివాడు: "ఈ గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నానని ధ్రువీకరిస్తున్నాను." కింద చిన్న గడి, అందులో టిక్కు పెడితే గాని ముందుకు పోదు.

వేలు దాని మీదికి పోయి ఆగింది.

"నొక్కు, ఏం కాదు," అన్నాను. "అత్త మాట్లాడదు. అందరు గట్లనే చేస్తరు."

అతను తల ఎత్తి చూశాడు. నన్ను కాదు, అత్తను.

ఆమె అప్పటికే లేస్తోంది. గిన్నె చంకలో పెట్టుకుని, "నా పేరు మీద అబద్ధం వద్దు బిడ్డా. నేను బయటనే ఉంట," అంది. నన్ను కూడా చేయి పట్టుకుని గడప దాటించింది. అతను లేచి తలుపు వేశాడు. లోపల గొళ్ళెం పడింది.

నేను అరుగు మీద నిలబడలేకపోయాను. గేటు దాకా వెళ్ళాను, వచ్చాను. స్కూటర్ సీటు తుడిచాను. పోయినసారిలాగే అవుతుంది, ఒక్క మాట మూడుసార్లు చెప్పి బయటికి వస్తాడు, అప్పుడు మధ్యాహ్నంలోగా ఆఫీసుకు పోవాలి, స్కూటర్‌లో పెట్రోలు ఉందో లేదో చూడాలి అనుకుంటున్నాను. నా భార్య తలుపు పక్కన గోడకు చెవి ఆనించి ఉంది. రమ్మని చేయి ఊపింది.

లోపలి నుంచి అతని గొంతు వినిపిస్తోంది. "…నడుమ మాది పోస్టు." ఆగాడు. అప్పుడు అదే గొంతు, కొంచెం కిందికి, "ఊఁ" అంది.

"పై పోస్టు గంటకోసారి మాట్లాడాలి. ఊఁ. ఆ రాత్రి మాట్లాడలేదు. ఊఁ."

తన మాటకు తనే ఊఁ కొట్టుకుంటున్నాడు. ఆగిన చోటల్లా ఊఁ వేసి ముందుకు పోతున్నాడు. ఫోన్‌లోని గొంతుకు ఖాళీ దొరకడం లేదు, ధన్యవాదాలు చెప్పడం లేదు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో నాకు తెలియలేదు. ఆమె తల మాత్రం తలుపు వైపు ఊగుతూనే ఉంది. ఆదిలాబాద్ సిపాయి ఒక బూటు వేసుకుని, ఒకటి చేతిలో పట్టుకుని వచ్చి మా వెనుక నిలబడ్డాడు.

కథ చివర సరిగ్గా వినిపించలేదు, వీధిలో కూరగాయల బండివాడు మైకు పెట్టాడు. బండి పోయాక ఆఖరు ప్రశ్న వినిపించింది. ఈ ఉద్యోగం మీకు ఎందుకు కావాలి?

అతను లేస్తున్నట్టు లోపల కుర్చీ కిర్రుమంది. ఈసారి పోయిందే అనుకున్నాను.

"ఇంటి కాడ ఉందామని," అన్నాడు. పుస్తకాల తెలుగు వదిలేశాడు. "నేను మల్ల ఇల్లు విడిచి దూరం పోదల్చుకోలేదు." ఆగాడు. "ఊఁ," అన్నాడు.

తలుపు తీసి బయటికి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసింది. "ఏమన్నదిరా?" అన్నాను.

"ధన్యవాదాలు అన్నది. తర్వాత తెలియజేస్తం అన్నది."

"ఎప్పుడు?"

"చెప్పలే."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏ కబురూ లేదు. ఇంకాసేపు ఆగుదామన్నాను. అందరం టిఫిన్ తిన్నాం. నేను ఉప్మా గిన్నె పక్కనే ఫోన్ పెట్టుకుని, తెర ఆరిపోయినప్పుడల్లా వేలుతో తాకాను. ఎండ అరుగు మీదికి వచ్చింది. ఇక ఆగితే ఆఫీసు దాటిపోతుందని కవరు తీసి, స్కూటర్ తాళం తీసుకున్నాను. "నడువు అల్లుడా. రెండు దారులు చేతుల పెట్టుకుందాం. ఇది ఇచ్చి వస్తె పోయేదేం లేదు," అన్నాను.

అతను నా చేతిలోంచి కవరు తీసుకున్నాడు. తీసుకుని, విప్పి, తన ఫోటో ఒక్కటి ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. కాగితాలు మళ్ళీ నాకే ఇచ్చాడు.

"ఇయ్య మామ."

"ఎందుకు? వాల్లింకా జవాబు ఇయ్యలే గద."

"వాల్లు ఇయ్యలే. నేను ఇచ్చిన గద. ఇల్లు విడిచి పోనన్న మాటకు నేనే ఊఁ అన్న. రోజర్ అన్నంక తిరుగుడు లేదు. గది సెట్టు కానూన్."

"గది నీకు నువ్వు అనుకున్న ఊఁ," అన్నాను.

"ఎవలు అన్న ఊఁ ఊఁయే."

నాకు కోపం వచ్చింది. సర్కారు జీతాన్ని ఒక్క ఊఁ మీద వదిలేస్తాడా అని. ఏదో అనబోయాను. అప్పటికే అతను అరుగు వైపు తిరిగాడు. "కాకా, నీ సేట్ ఈ రోజే ఉంటడంటివి గద. ఆ ఉరుకుడు నౌకరీ ఇంక ఉన్నదా?"

"ఉన్నది బాబా. గని అది ఆదిలాబాద్. ఇంటి కాడ ఉంట అంటివి."

"ఆదిలాబాద్ పరాయి దేశమా? శనివారం బస్సెక్కితె రాత్రికి ఇంట్ల పడ్త. లీవు అడుగుడు లేదు, పాసు లేదు. సీజన్ అయ్యేదాక చేస్త. గోదామోల్లు పిలిస్తె వస్త, పిలవకపోతె ఇంకోటి చూస్త."

"కుక్క కదిలిన ఫోన్ కొడ్తరు."

"కొట్టనియ్యి. అవతల ఒక మనిషి మాట్లాడుతడు గద."

ఆ ఫోటో సేట్‌కు ఇవ్వడానికని అప్పుడు అర్థమైంది. హుస్నాబాద్‌కు ఫోన్ చేసి భార్యతో మాట్లాడాడు. ఎక్కువ వినలేదు నేను, ఫోన్‌లోంచి ఆమె ఏదో అడుగుతోంది, ఇతను "శనివారం" అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. నా భార్య మిగిలిన బిస్కెట్ ప్యాకెట్ కూడా అల్లుడి సంచిలో వేసింది. అల్లుడు, సిపాయి ఇద్దరూ ఆటో ఎక్కి బస్టాండ్‌కు పోయారు. నేను కవరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం దాటేదాకా ఎందుకో దాన్ని లోపల పెట్టలేకపోయాను. ఒకసారి స్కూటర్ స్టార్ట్ కూడా చేశాను. ఒక ఫోటో తక్కువైనా సంతకాలన్నీ ఉన్నాయి, నేనే ఇచ్చి రావచ్చు. మళ్ళీ ఆపేశాను. ఇల్లు విడిచి పోవాల్సింది నేను కాదు.

బస్సులో కూర్చున్నాక అతను అత్తకు ఫోన్ చేశాడు. ఆమె అరుగు మీద కూర్చుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, మిగిలిన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. "ఊఁ," అంటోంది. "ఊఁ. అయ్యో. ఊఁ." చాలాసేపు అలాగే సాగింది. ఒక కాయ సగం తీసి చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసింది.

"పై పోస్టు ముచ్చట చెప్పిండు. మనుషులను పంపుమని చెప్పలేదట. రాత్రంత సెట్టు కాడనే కూసోని పిలుసుకుంటనే ఉన్నడట. జవాబు లేదు, అయిన పిలిసిండు. తెల్లారి ఎండ పడ్డంక వచ్చిందట మాట."

"ఏమైందట మరి?"

"సలికి బ్యాటరీ పడిపోయిందట. వీని మాటలు వాల్లకు అందుతనే ఉన్నయట. తిరిగి మాట్లాడే బలం సెట్టుకు లేదట."

నేను నా ఫోన్ తీసి చూశాను. ఏమీ రాలేదు. ఆమె గిన్నె నా చేతికి ఇచ్చి, కడుక్కురమ్మంది.